మీ ఊరి చరిత్ర ఎక్కడుంది? మాచర్ల నుంచి చెన్నై దాకా.. కైఫీయతుల కథ ఇదీ!

మీ ఊరికి ఆ పేరెలా వచ్చింది? ఊరి చెరువు ఎవరు తవ్వించారు? మీ ముత్తాత తండ్రి పేరేంటి? మొదటి రెండు ప్రశ్నలకు చాలామంది తడుముకుంటారు. మూడో దానికి ఇంట్లో పెద్దవాళ్లు కూడా నోరెళ్లబెడతారు. కానీ వీటికి జవాబులు చాలావరకు ఎక్కడో ఒకచోట రాసే ఉన్నాయి. ఎక్కడ వెతకాలో తెలియకే వదిలేస్తున్నాం. పల్నాడు జిల్లా మాచర్లను ఉదాహరణగా తీసుకుని ఆ దారేంటో చూద్దాం.

అసలు కైఫీయతు అంటే ఏంటి?

కైఫీయతు అంటే ఒక ఊరి గురించి రాసిన వివరణ. ఊరి పేరు వెనుక కథ, గుడి ఎవరు కట్టించారు, ఎవరెవరు పాలించారు, ఏ మాన్యాలు ఎవరికిచ్చారు, కరణీకం ఏ ఇంటివాళ్లది.. ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. అప్పట్లో కరణాల దగ్గర 'కవిలె కట్టలు' ఉండేవి. ఆ పాత లెక్కలు, పెద్దల నోటి మాటలు కలిపి కైఫీయతులు రాయించారు.

వీటిని సేకరించింది కల్నల్ కాలిన్ మెకంజీ. స్కాట్లాండ్‌లో పుట్టి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1797లో అమరావతి స్తూపాన్ని చూసి దాని గురించి బయటి ప్రపంచానికి చెప్పింది కూడా ఆయనే. అయితే ఊరూరా సమాచారం రాబట్టింది మాత్రం మన తెలుగువాళ్లే. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే ముగ్గురు అన్నదమ్ములు. బొర్రయ్య 1803లోనే చనిపోతే ఆ పనిని లక్ష్మయ్య ముందుకు తీసుకెళ్లారు.

1821లో మెకంజీ మరణించేనాటికి 1,500కు పైగా రాతప్రతులు, 8,000కు పైగా శాసనాల నకళ్లు, 6,000కు పైగా నాణేలు పోగయ్యాయి. కంపెనీ ప్రభుత్వం ఈ మొత్తాన్ని ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొనేసింది. తర్వాత ఆ కాగితాలు శిథిలమైపోతుంటే సీపీ బ్రౌన్ తిరగరాయించి కాపాడారు. వాటినే 'లోకల్ రికార్డ్స్' అంటారు.

ఇప్పుడవి ఎక్కడున్నాయి?

ప్రధానంగా చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో. గుంటూరు తాలూకా గ్రామ కైఫీయతులు పుస్తకంగా అచ్చయ్యాయి. కడప జిల్లా కైఫీయతులను కడపలోని సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా తెచ్చింది. అంటే ఈ పని సాధ్యమేనని కడప చూపించింది. తమ జిల్లా గ్రంథాలయంలో ఆ పుస్తకాలుంటే కడప పిల్లాడు తన ఊరి పేజీ తీసి చదువుకోవచ్చు. మిగతా జిల్లాల పాఠకులకూ ఆ వీలుండాలి కదా!

చదివిందంతా నిజమేనా?

కాదు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. గుంటూరు ప్రాంత కైఫీయతుల్లో గోపరాజు రామన్న అనే పేరు పదేపదే కనిపిస్తుంది. ఊళ్ల కరణీకాలు ఆయనే పంచిపెట్టాడని ఊరు తర్వాత ఊరు ఒకే కథ చెబుతుంది. కరణీకం తమదేనని నిలబెట్టుకోవాల్సిన కుటుంబాలు అలా చెప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు. అందుకే కైఫీయతును సాక్ష్యంగా తీసుకోవాలి తప్ప తీర్పుగా కాదు. శాసనంతోనో, భూమి రికార్డుతోనో సరిపోల్చి చూడాలి.

ఇంకో లోటు కూడా ఉంది. రాసినవాళ్లు చదువుకున్నవాళ్లు, మాన్యాలున్నవాళ్లు. కూలీలు, దళితులు, ఆడవాళ్లు ఈ కాగితాల్లో చాలా తక్కువ. వాళ్ల చరిత్ర ఎక్కువగా పాటల్లో, కథల్లో మిగిలింది.

పల్నాడుకు ఇంకో లైబ్రరీ.. వీరగాథ

మాచర్ల, గురజాల రాజ్యాల కథ పల్నాట్లో తెలియనివాళ్లు ఉండరు. ఆలోచిస్తే అది కూడా ఒక కుటుంబ చరిత్రే. సవతి అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకం. నలగామరాజుకు గురజాల, మలిదేవరాజుకు మాచర్ల. ఆ గొడవ చివరికి కారంపూడి యుద్ధం దాకా వెళ్లింది. ఈ కథలో మంత్రి నాగమ్మ ఉంది, మాల కన్నమదాసు ఉన్నాడు. కాగితాల్లో చోటు దొరకనివాళ్లకు పాటలో చోటు దొరికింది.

శ్రీనాథుడి పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అంతకుముందూ ఆ తర్వాతా దీన్ని తరతరాలుగా పాడుతూ వచ్చినవాళ్లలో పిచ్చుకుంట్ల కళాకారులూ ఉన్నారు. ఇళ్ల గోత్రాలు, వంశాల పేర్లు చెప్పడం కూడా వాళ్ల వృత్తే. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాడు వచ్చి ఈ పాటను రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లిష్‌లో పుస్తకం వేశారు. పుస్తకం కాలిపోతే ఇంకో కాపీ దొరుకుతుందేమో.. పాడే మనిషి పోతే?

నీళ్ల కింద ఊళ్లు

మాచర్లకు దగ్గర్లోనే నాగార్జునకొండ. ఇక్కడి ఇక్ష్వాకుల శాసనాల్లో దానం చేసినవాళ్లు తాము ఎవరి కూతురో, ఎవరి చెల్లెలో, ఎవరి భార్యో చెక్కించుకున్నారు. 1700 ఏళ్ల నాటి వంశవృక్షాలన్నమాట! సాగర్ డ్యామ్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. నీళ్లు వచ్చేలోపు తవ్వకాలు చేసి శిల్పాలను, కట్టడాలను కొండపైకి చేర్చారు. రాళ్లను కాపాడుకున్నాం సరే. మునిగిన ఊళ్ల నుంచి కదిలొచ్చిన కుటుంబాల జ్ఞాపకాల సంగతేంటి? వాటిని రాసిపెట్టాల్సింది ఇప్పుడే. ఆనాటి పిల్లలు ఈరోజు డెబ్బై దాటినవాళ్లు.

మీ కుటుంబం గురించి ఎక్కడ వెతకాలి?

* ఇంట్లోనే మొదలుపెట్టండి: పాత దస్తావేజులు, పెళ్లి శుభలేఖలు, పట్టాదారు పాస్‌పుస్తకాలు. పాత దస్తావేజులో మనిషి పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, కులం, పొలం సరిహద్దులు ఉంటాయి. పక్క పొలం వాళ్ల పేర్లు కూడా దొరుకుతాయి.
* ఇంటిపేరు: మాచర్ల, గురజాల, కారంపూడి.. ఇవి ఊళ్ల పేర్లే కాదు, ఇంటిపేర్లు కూడా. సొంతూళ్లో ఉన్నంతకాలం ఎవరూ ఊరి పేరుతో పిలవరు. ఊరు వదిలి వెళ్లాకే ఆ పేరు వస్తుంది. కాబట్టి ఇలాంటి ఇంటిపేరు మీ పెద్దలు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే క్లూ కావచ్చు.
* రెవెన్యూ, రిజిస్ట్రేషన్ ఆఫీసులు: అడంగల్, ఆర్ఎస్ఆర్, ఈసీ. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. అంతకుముందు కాగితాలు కొన్ని పాత కరణాల ఇళ్లలోనే ఉండిపోయిన సందర్భాలున్నాయి.
* స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్: పుట్టిన తేదీ, తండ్రి పేరు ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ.
* పాత పుస్తకాలు: 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్‌లో పల్నాడు కూడా ఉంటుంది. ఎందుకంటే గుంటూరు జిల్లా 1904లో మళ్లీ ఏర్పడేదాకా ఈ ప్రాంతం కృష్ణాలోనే ఉంది. పల్నాడు జిల్లా అయింది 2022లోనే. అందుకే ఏ ఏడాది రికార్డు కావాలో చూసుకుని, అప్పుడు మీ ఊరు ఏ జిల్లాలో ఉందో ముందు తెలుసుకోవాలి.
* కాశీ, గయ: అక్కడి పండాల దగ్గర యాత్రికుల పేర్లు, ఊళ్లు రాసిన పుస్తకాలుంటాయి. మీ ఇంట్లో ఎవరైనా వెళ్లొచ్చుంటే అడిగి చూడొచ్చు.

మరి లైబ్రరీ ఏం చేయగలదు?

1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను దాచిపెట్టి, పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే చోటుగా మారింది. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలూ ఉన్నాయి. రెండూ జనం పోగుచేసిన పుస్తకాలతో పెరిగినవే.

1960 చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్ కూడా మనం కడుతున్నాం. అంటే ఊరి లైబ్రరీలో ఊరి చరిత్రకు ఒక బీరువా అడగడం మన హక్కే. అందులో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మండలంలోని ఊళ్ల కైఫీయతుల జిరాక్స్‌లు, స్థానిక రచయితల పుస్తకాలు, గుడి శాసనాల పాఠాలు, స్కూల్ వార్షిక సంచికలు, పాత ఫొటోలు. శాసనాల పాఠాల కోసం 1948లో వచ్చిన దక్షిణ భారత శాసనాల పదో సంపుటం చూడొచ్చు. అందులో ఉన్నవి తెలుగు శాసనాలే.

ఇవి మాత్రం చేయకండి!

* పాత కాగితాలకు లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేప్ అంటించొద్దు. తర్వాత విడదీయడం కష్టం.
* ఫొటో వెనుక బాల్‌పెన్నుతో రాయొద్దు. మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, ఏడాది రాయండి.
* అసలు కాగితం ఎవరికీ ఇచ్చేయకండి. ఫోన్‌తో వెలుతురులో ఫొటో తీసి, కాపీ ఇవ్వండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఈ వార్త చదువుతున్న ఫోన్‌లోనే వాయిస్ రికార్డర్ ఉంది. ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో ఉంటే వాళ్ల ఊరు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు, ఎందుకు ఊరు మారారో అడిగి రికార్డు చేయండి. ఫైల్‌కు పేరు, తేదీ పెట్టండి. రెండొందల ఏళ్ల క్రితం కావలి సోదరులు ఊరూరా తిరిగి చేసింది కూడా ఇంచుమించు ఇదే పని.