తేటనీరు – మంచినీరు

నీరు తేటగా ఉన్నంత మాత్రమున మంచినీరు కాదు. మన పల్లెలలో చిల్లగింజను అరగదీసి బిందెలో కలుపుట కలదు. బురద అడుగునకు దిగి, నీరు తేటపడును. కాని ఆ నీటిలో పురుగుమందుల లేశములుగాని, ప్లాస్టిక్కుల నుండి వెలువడిన రసాయనములుగాని కరిగియున్నచో అవి అట్లే నిలిచియుండును. ఈ కర్బన పదార్థములు కంటికి కనబడవు. పెక్కింటిని నాలుక కూడ పసికట్టలేదు. మరి వీనిని తొలగించుట ఎట్లు?

ఇందుకు చిరకాలముగా వాడుచున్నది ఉత్తేజిత కర్బనము. ఇది లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రములు గల బొగ్గు. ఒక గ్రాము బొగ్గులోని రంధ్రముల గోడలను పరచినచో ఇంచుమించు 1,000 చదరపు మీటర్లగును. మాలిన్యపు అణువులు ఆ గోడలకు అంటుకొనును. దీనినే అధిశోషణమందురు. అయితే సన్నని సందులలోనికి అణువులు చేరుటకు కాలము పట్టును. కుళ్ళిన ఆకులు అలముల నుండి వచ్చు పదార్థములు ఆ దారులను మూసివేయును. బొగ్గును మరల పనికి తెచ్చుటకు వందల డిగ్రీల వేడి కావలెను.

ఈ చిక్కులకు ఒక పరిష్కారము పిండిపదార్థములో దొరకినది. స్టార్చి నుండి ఎంజైముల సాయమున బీటా-సైక్లోడెక్స్‌ట్రిన్ తయారగును. ఇందు ఏడు గ్లూకోజు భాగములు వలయముగా కూడి, అడుగులేని గిన్నెవలె నుండును. గిన్నె లోపలి భాగమునకు నీటితో పొత్తు తక్కువ. కనుక తగిన పరిమాణముగల కర్బన అణువులు అందులో ఇముడును. కాని ఈ గిన్నెలు విడిగా నీటిలో కరిగిపోవును. అమెరికాలో విలియం డిక్టెల్ బృందము వీనిని దృఢమైన బంధములతో ముడివేసి, నీటిలో కరగని పాలిమరుగా మార్చి, 2016లో ఆ ఫలితములు ప్రకటించినది.

ప్లాస్టిక్కులలో వాడు బిస్ఫినాల్-ఎ పై దీనిని పరీక్షించిరి. పాలిమరు తాను పట్టగలిగినదానిలో నూటికి 95 వంతులు 10 సెకన్లలోనే పట్టినది. దీని ఉపరితలము బొగ్గుకంటె తక్కువే. అయినను అణువులు సులభముగా చేరగలుగుటవలన పని వేగముగా జరిగినది. మామూలు ఉష్ణోగ్రతలో మిథనాలుతో కడిగినచో మరల వాడుకకు వచ్చును.

పి.ఎఫ్.ఓ.ఎ. అను మరియొక రసాయనము మరింత మొండిది. అది మానవులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో నిర్ణయించినది. 2017లో, బంధకమును మార్చి చేసిన పాలిమరు, లీటరు నీటిలో 1,000 నానోగ్రాములున్న ఈ రసాయనమును 10కి లోపుగా తగ్గించినది. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. కాని త్రాగునీటిలో ఇది 4 నానోగ్రాములు మించరాదని అమెరికా 2024లో నియమము చేసినది. అనగా గీత ఇంకను క్రిందికి జరిగినది.

ఇట్టి పదార్థము సర్వరోగ నివారిణి కాదు. సూక్ష్మజీవులను చంపుటకు క్లోరినుగాని, కాచుటగాని కావలసినదే. నల్లగొండవారిని బాధించిన ఫ్లోరైడు కర్బన పదార్థము కాదు. దానికి వేరు పద్ధతులు కలవు. కనుక నీటిలో ఏమున్నదో ముందు పరీక్షించి తెలిసికొని, దానికి తగిన సాధనమును ఎన్నుకొనుటయే వివేకము.