మైలుతుత్తం: బత్తాయి తోట నుంచి ఓడ అడుగు దాకా

నల్గొండోళ్లకు సముద్రంతో పనేంటని నవ్వకండి. మా బత్తాయి తోటలో బంక తెగులుకు వాడే మైలుతుత్తం ఉంది చూశారా, అదే మన ల్యాబులో నీలంగా మెరిసే కాపర్ సల్ఫేట్. అందులోని రాగే సముద్రంలో ఓడలకూ కాపలా కాస్తుంది.

బోర్డో మిశ్రమం లెక్క సులువు: కిలో తుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. కలిపినంక నాయిన అందులో ఇనుప చాకు ముంచి తీస్తాడు. దాని మీద ఎర్రగా రాగి పట్టిందంటే, "సున్నం సాల్లే, ఇంకింత పొయ్యి" అంటాడు. విడిగా ఉన్న రాగి ఎక్కువైతే తెగులుతో పాటు ఆకూ మాడుతుంది. సున్నం ఆ రాగిని పట్టి ఉంచి, మెల్లమెల్లగా వదిలేలా చేస్తుంది.

ఇక ఓడ సంగతి. ఉప్పునీళ్లలో ఏ గట్టి వస్తువు ఉన్నా ముందు జిగురు పొర, తర్వాత నాచు, బార్నకిల్స్, ఆల్చిప్పలు పట్టేస్తాయి. ఓడ అడుగు గరుకై, అదే వేగానికి ఎక్కువ ఇంధనం కాలుతుంది. 1761లో బ్రిటిష్ నౌకాదళం 'అలారం' అనే ఓడ అడుగుకు రాగి రేకులు కొట్టించింది. రేకులు ఉప్పునీటికి తరిగిపోతుంటే, 1824లో హంఫ్రీ డేవీ వాటికి ఇనుము, జింకు ముక్కలు బిగించాడు. రాగి తరగడం ఆగింది. కానీ ఆ రేకుల మీదే గుల్లలు మళ్లీ పెరిగాయి!

తేలిందేమిటి? కాపాడేది రేకు కాదు, దాని నుంచి కరిగే రాగి అయాన్లు. ప్రాణులకు రాగి రవ్వంత కావాలి. మోతాదు మించితే అది ఎంజైముల్లోని గంధకాన్ని పట్టుకుని వాటి పని ఆపేస్తుంది. చోటు వెతుక్కుంటూ ఈదే పిల్లజీవులు ముందు చస్తాయి. పెద్ద ఆల్చిప్పలు మాత్రం చిప్ప మూసుకుని రోజుల తరబడి తట్టుకుంటాయి.

అట్లాంటి మొండి ఆల్చిప్ప ఒకటి 1967లో మన విశాఖ హార్బర్‌లో కనిపించింది. పేరు మైటిలాప్సిస్ సల్లేయి, పుట్టిల్లు అమెరికా ఖండపు వెచ్చని తీరాలు. 1999లో అదే జాతి ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో బయటపడింది. అక్కడివాళ్లు రేవుల గేట్లు మూసి, నీళ్లలో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ కలిపారు. ఆల్చిప్ప అంతమైంది. దానితో పాటు ఆ నీళ్లలోని మిగతా జీవాలూ చచ్చిపోయాయి.

రాగికి మనోళ్లు, పరాయోళ్లు అనే తేడా లేదు. పురుగుమందులాగా విరిగి మాయం కాదు కూడా. ఓడ రంగుల్లోని రాగి రేవు అడుగు మట్టిలో చేరినట్టే, ఏళ్ల తరబడి కొట్టిన తుత్తం తోట మట్టిలోనూ పేరుకుంటుంది. కాబట్టి ఇంజనీరు ముందున్న ప్రశ్న "చంపుతుందా?" అన్నది ఒక్కటే కాదు. ఎంత వదలాలి, ఎంత నిదానంగా, ఆఖరికి అది ఎక్కడ చేరుతుంది?

ఈసారి సెలవులకు ఊరెళ్తే నాయినకు ఒక్క మాట చెప్పాలి: మందు డ్రమ్ము కడిగిన నీళ్లు కుంటలోకి పోనివ్వొద్దు. అక్కడి చేపలకు చాకు పరీక్ష పెట్టేవాళ్లు లేరు.