పగలు పని – రాత్రి రాత

పొద్దున లేస్తే పనే. వాకిలి ఊడవాలి. కల్లాపి చల్లాలి. అంట్లు తోమాలి. వంట చెయ్యాలి. పిల్లల్ని బడికి పంపాలి. ఆ తర్వాత కూలికి పోవాలి. పొద్దుగూకి ఇంటికొస్తే మళ్ళీ పొయ్యి దగ్గరే.

ఇంత పనిలో కూడా కొందరి మనసులో ఒక కోరిక ఉంటుంది. ఒకామెకు పాటలు కట్టాలని ఉంటుంది. ఒకామెకు బొమ్మలు వెయ్యాలని ఉంటుంది. ఇంకొకామెకు తన కథ తానే రాయాలని ఉంటుంది. "మనకెందుకులే ఇవన్నీ" అనుకుని చాలామంది ఆ కోరికను లోపలే అణుచుకుంటారు.

అలా అణుచుకోని ఒకామె ఉంది. ఆమె పేరు బేబీ హల్దార్. ఆమె ఇళ్ళలో పాచిపని చేసింది. ఆ పని చేస్తూనే పుస్తకం రాసింది. అది ఎలా సాధ్యమైందో తెలుసుకుందాం.

ఆగిపోయిన చదువు

బేబీ 1973లో పుట్టింది. పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలో పెరిగింది. చిన్నప్పుడే తల్లి ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. బేబీ చదువు కొన్నాళ్ళు సాగింది. కొన్నాళ్ళు ఆగింది. పన్నెండేళ్ళకే తండ్రి పెళ్ళి చేశాడు. పెళ్ళికొడుకు ఆమెకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. దాంతో చదువు పూర్తిగా ఆగిపోయింది. ఆడుకునే వయసులోనే తల్లయింది. భర్త కొట్టేవాడు. ఎన్నో ఏళ్ళు ఓర్చుకుంది. చివరికి 1999లో ముగ్గురు పిల్లల్ని తీసుకుని రైలెక్కింది. ఢిల్లీ చేరింది. ఆ పక్కనే ఉన్న గుర్గావ్‌లో ఇళ్ళలో పనికి కుదిరింది.

పుస్తకాల ముందు ఆగిన చెయ్యి

అక్కడ ప్రబోధ్ కుమార్ అనే ఆయన ఇంట్లో ఆమెకు పని దొరికింది. ఆయన ఉద్యోగం ముగించి విశ్రాంతి తీసుకుంటున్న ప్రొఫెసర్. పేరున్న హిందీ రచయిత ప్రేమ్‌చంద్‌కు మనవడు. ఆ ఇంటి నిండా పుస్తకాలే. దుమ్ము దులిపేటప్పుడు బేబీ చెయ్యి బెంగాలీ పుస్తకాల దగ్గర ఆగిపోయేది. అది ఆయన కనిపెట్టాడు. చదవడం వచ్చా అని అడిగాడు. చదవమని ఒక పుస్తకం ఇచ్చాడు. అది తస్లీమా నస్రీన్ తన చిన్ననాటి సంగతులతో రాసిన పుస్తకం. బేబీ రోజూ కొంచెం కొంచెం చదివింది.

తర్వాత ఆయన ఒక నోటుబుక్కు, పెన్ను ఇచ్చాడు. చిన్నప్పటి నుంచి జరిగినవన్నీ రాయమన్నాడు. బేబీకి భయం వేసింది. రాసి ఎన్నో ఏళ్ళయింది. తప్పులు పోతాయేమో! అయినా మొదలుపెట్టింది. పని అంతా ముగిశాక, పిల్లలు నిద్రపోయాక, రాత్రిపూట రాసేది. అలా కొన్ని నెలలు రాసింది.

మనసు నిలబడింది ఎలా?

ఆ రోజుల్లో కష్టాలు ఆగలేదు. మొగుడు లేకుండా ఉంటున్నదని చుట్టుపక్కలవాళ్ళు మాటలనేవారు. ఒకరోజు పనినుంచి వచ్చేసరికి ఉంటున్న ఇల్లు కూలగొట్టి ఉంది. సామాన్లు బయట పడి ఉన్నాయి. ఆ రాత్రి పిల్లలతో ఆరుబయటే గడిపింది. తర్వాత ప్రబోధ్ కుమార్ తన ఇంట్లోనే ఒక గది ఇచ్చాడు.

ఇన్ని జరిగినా ఆమె రాత మానలేదు. దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి: ఆమె పుస్తకం రాయాలని కూర్చోలేదు. ఆ రోజుకు కొన్ని మాటలు రాయాలని కూర్చుంది. ఒక్క బిందెతో తొట్టి నిండదు. రోజూ ఒక బిందె పోస్తే నిండుతుంది.

రెండు: తప్పులు పోతాయని ఆగలేదు. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. రాయనిదాన్ని ఎవరూ దిద్దలేరు.

మూడు: ఆమె రాసింది చదివి బాగుందని చెప్పేవాళ్ళు ఉన్నారు. ప్రబోధ్ కుమార్ ఆ రాతను తన స్నేహితులకు పంపాడు. వాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఎంత గట్టి మనిషికైనా ఒక మంచి మాట కావాలి.

దిగులు రాకుండా ఎవరికీ ఉండదు. బేబీకీ వచ్చింది. దిగులు వచ్చిన మర్నాడు మళ్ళీ నోటుబుక్కు తెరవడమే ధైర్యం.

అచ్చులో పేరు

ఆమె రాసింది మొదట ఒక పత్రికలో అచ్చయింది. పత్రిక ఇంటికొచ్చింది. అందులో తల్లి పేరు చూసి పిల్లలు సంబరపడ్డారు. ప్రబోధ్ కుమార్ ఆ రాతను హిందీలోకి మార్చాడు. 2002లో అది పుస్తకంగా వచ్చింది. పుస్తకం పేరు 'ఆలో ఆంధారి'. అంటే వెలుగూ చీకటీ అని అర్థం. 2006లో ఇంగ్లీషులో వచ్చింది. తర్వాత ఇంకా ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. అందులో కొంత భాగాన్ని పదకొండో తరగతి హిందీ పుస్తకంలో పాఠంగా పెట్టారు. ఆరో తరగతితో చదువు ఆగిన ఆమె కథ పిల్లలకు పాఠమైంది!

పుస్తకం వచ్చిందని ఆమె వెంటనే పని మానలేదు. చాలా ఏళ్ళు ఆ ఇంట్లోనే పని చేసింది. రాస్తూనే ఉంది. పని పొట్ట నింపింది. రాత మనసు నింపింది. ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోలేదు.

మనమూ మొదలుపెడదాం

రాతైనా, పాటైనా, బొమ్మైనా, కుట్టైనా దారి ఒకటే.

రోజులో పది నిమిషాలు దానికోసం పెట్టుకోవాలి. అన్నం ఉడికేలోపు నాలుగు మాటలు రాయవచ్చు.

నోటుబుక్కు, పెన్ను చేతికందే చోట పెట్టుకోవాలి. వెతుక్కునేసరికి ఆ పది నిమిషాలూ పోతాయి.

నమ్మకమైన ఒకరికి చదివి వినిపించాలి. నవ్వేవాళ్ళకు ముందే చూపించనక్కర లేదు.

జ్వరం వస్తుంది. నాట్ల రోజులు వస్తాయి. చుట్టాలొస్తారు. పది రోజులు ఆగిపోవచ్చు. ఆగిపోతే పోయిందనుకోకూడదు. పదకొండో రోజు మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇంటివాళ్ళు కూడా ఒక పని అందుకోవాలి. కొడుకు నీళ్ళు తెస్తే, భర్త పిల్లల్ని చూసుకుంటే ఆమెకు ఆ పది నిమిషాలు దొరుకుతాయి.

మాట్లాడుకోండి

1. బేబీ రాయడానికి ఎందుకు భయపడింది?
2. ఆమెకు ఎవరు, ఎలా తోడుగా ఉన్నారు?
3. మీ మనసులో ఉన్న కోరిక ఏమిటి? దానికి రోజులో ఏ సమయం దొరుకుతుంది?
4. ఈ రాత్రి మీ చిన్నప్పటి సంగతి ఒకటి నాలుగు వాక్యాల్లో రాయండి. రేపు కేంద్రంలో చదివి వినిపించండి.