ఒక్క వాక్యం, రెండు చర్చిలు
స్వలింగ ప్రేమికులు పాస్టర్లు కావచ్చా? ఈ ప్రశ్న మీద అర్ధ శతాబ్దం పాటు తగవులాడిన అమెరికా మెథడిస్టులు చివరికి ఆస్తులు పంచుకుని విడిపోయారు. ఆ సెగ ఆఫ్రికాకూ తాకింది

అది 2004 డిసెంబరు. పెన్సిల్వేనియాలో చర్చివారి విడిది కేంద్రం ఒకటి న్యాయస్థానంగా మారింది. విచారణ ఎదుర్కొంటున్నది 34 ఏళ్ల పాస్టర్‌ బెత్‌ స్ట్రౌడ్‌. నేరం ఏమిటంటారా? తాను ఓ మహిళతో కలిసి జీవిస్తున్నానని అంతకు ముందు ఏడాది ఫిలడెల్ఫియాలోని తన సంఘానికి ఆమే స్వయంగా చెప్పారు. జ్యూరీలో కూర్చున్న 13 మందీ ఆమెలాంటి పాస్టర్లే. ఆమె దోషి అని వారిలో 12 మంది తేల్చారు. పాస్టర్‌ హోదా తీసేయాలా అన్న దగ్గర మాత్రం 7-6గా చీలిపోయారు. ఒక్క ఓటు తేడాతో ఆమె హోదా పోయింది.

2024 మే నెలలో అదే చర్చి ఆమెకు ఆ హోదాను తిరిగి ఇచ్చింది. అయితే ఈ ఇరవై ఏళ్లలో చర్చే మారిపోయింది. అమెరికాలోని యునైటెడ్‌ మెథడిస్టు సంఘాల్లో దాదాపు నాలుగో వంతు, అంటే 7,600కు పైగా సంఘాలు అప్పటికే విడిపోయి వెళ్లిపోయాయి.

ఈ తగవుకు మూలం ఒక వాక్యం. రెండు శాఖల కలయికతో 1968లో ఏర్పడిన యునైటెడ్‌ మెథడిస్టు చర్చి 1972లో తన సామాజిక సూత్రాలను రాసుకుంది. స్వలింగ ప్రేమికులు కూడా దేవుని దృష్టిలో విలువైన మనుషులేనని ముసాయిదా చెప్పింది. అయితే వారి నడవడి క్రైస్తవ బోధకు పొసగదన్న మాట సభలో చర్చ జరుగుతుండగా వచ్చి చేరింది. తర్వాత అదే పునాది మీద గోడలు లేచాయి. వారికి పాస్టర్‌ అభిషేకం ఇవ్వకూడదన్న నిషేధం 1984లో, వారి జంటలకు పెళ్లి ఆరాధనలు జరపకూడదన్న నిషేధం 1996లో వచ్చాయి.

ఇరుపక్షాల దగ్గరా ఉన్నది ఒకే బైబిలు. లేవీయకాండం, రోమా పత్రికల్లోని మాటలు సూటిగా ఉన్నాయనీ, ఓట్లతో వాక్యాన్ని మార్చలేమనీ సంప్రదాయవాదుల వాదన. వారికి మరో ఫిర్యాదు కూడా ఉంది. రూల్సు పుస్తకంలో ఉన్నా కొందరు బిషప్పులు వాటిని పట్టించుకోవడం లేదన్నది వారి కోపం. మహిళను పెళ్లి చేసుకున్న కరెన్‌ ఒలివెటో 2016లో ఏకంగా బిషప్‌గా ఎన్నిక కావడంతో ఆ కోపం కట్టలు తెంచుకుంది. ఉదారవాదులు మాత్రం చరిత్రను చూపిస్తారు. బానిసత్వం మీద మెథడిస్టులు 1844లో చీలిపోయి 1939లో గానీ కలవలేదు. మహిళలకు పాస్టర్లుగా పూర్తి హక్కులు 1956లో వచ్చాయి. అప్పుడూ రెండు పక్షాలూ బైబిలునే చూపాయన్నది వారి జవాబు.

తాడోపేడో తేల్చుకోవడానికి 2019 ఫిబ్రవరిలో సెయింట్‌ లూయిస్‌లో ప్రత్యేక మహాసభ జరిగింది. అమెరికా సంప్రదాయవాదులు, ఆఫ్రికా ప్రతినిధులు చేయి కలపడంతో నిషేధాలను మరింత బిగించే ప్రతిపాదన 438-384 ఓట్లతో గెలిచింది. అసలు విచిత్రం ఆ తర్వాత మొదలైంది. గెలిచినవారే బయటికి నడిచారు. ఓడినవారు లొంగేలా కనిపించలేదు. ఇల్లు గెలుచుకుని రోజూ పోట్లాడటం కంటే వేరుకాపురమే మేలని సంప్రదాయవాదుల్లో చాలామంది అనుకున్నారు.

అయితే మెథడిస్టు సంఘం వెళ్లిపోవాలంటే చిన్న విషయం కాదు. మందిరం, స్థలం ఆ ఊరి విశ్వాసుల చందాలతోనే కొన్నా, చట్ట ప్రకారం అవి మొత్తం చర్చి తరఫున ట్రస్టు ఆస్తి. అందుకే అదే మహాసభ ఓ తాత్కాలిక దారి తెరిచింది. సంఘంలో ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుని, కేంద్రానికి కట్టాల్సిన వాటాలు, పాస్టర్ల పెన్షన్‌ బాకీ చెల్లిస్తే ఆస్తితో సహా వెళ్లిపోవచ్చు. గడువు 2023 డిసెంబరు 31.

దీంతో మహాసభలో జరగాల్సిన కొట్లాట ఊరి మందిరంలోకి వచ్చింది. తల్లిదండ్రులకు పెళ్లి, పిల్లలకు బాప్తిస్మం జరిగిన చోటే బ్యాలెట్లు పంచారు. వంద మంది ఓటు వేస్తే 67 మంది సరేనంటే మందిరం వారిది, మిగిలిన 33 మంది కొత్త నీడ వెతుక్కోవాలి. 66 మందే సరేనంటే మందిరం చర్చిదే, వెళ్లాలనుకున్నవారు దాన్ని వదిలి వెళ్లాలి. ఇలా వెళ్లినవారి కోసం 2022 మే 1న గ్లోబల్‌ మెథడిస్టు చర్చి పుట్టింది. కొన్ని సంఘాలు అందులో చేరితే, మరికొన్ని ఎవరితోనూ కలవకుండా ఉండిపోయాయి.

వారు లేని మహాసభ 2024లో షార్లట్‌లో జరిగింది. 40 ఏళ్ల నాటి అభిషేక నిషేధం మే 1న 692-51 ఓట్లతో, చర్చ కూడా లేకుండా ఎగిరిపోయింది. మర్నాడు 1972 నాటి వాక్యమూ పోయింది. అయితే ఇష్టం లేని పాస్టర్‌ ఎవరూ అలాంటి పెళ్లి జరిపించాల్సిన పని లేదు.

అమెరికాలో పండగైనది ఆఫ్రికాలో తలనొప్పిగా మారింది. సభ ముగిసిన నెలలోపే ఐవరీ కోస్ట్‌ శాఖ తెగతెంపులకు ఓటు వేసింది. దాంతో పది లక్షలకు పైగా సభ్యులు దూరమయ్యారు. స్వలింగ వివాహానికి 14 ఏళ్ల జైలు విధించే చట్టం ఉన్న నైజీరియాలోనూ చర్చి చీలింది. 2024 డిసెంబరులో అక్కడి తరాబా రాష్ట్రంలో రెండు వర్గాల ఘర్షణలో ముగ్గురు చనిపోయారు. వారిలో ఇద్దరు చిన్నపిల్లలు. ఏ ప్రాంతం తన రూల్సు తానే రాసుకునేలా చేసిన రాజ్యాంగ సవరణ 2025 నవంబరులో ఆమోదం పొందింది. అయితే అప్పటికే చాలామంది గడప దాటేశారు.

మరి మన సంగతేమిటి? అమెరికా మిషనరీలు నాటిన మెథడిస్టు చర్చ్‌ ఇన్‌ ఇండియా 1981లోనే స్వతంత్రమైంది. కాబట్టి షార్లట్‌ తీర్మానాలు హైదరాబాద్‌ మెథడిస్టులకు వర్తించవు. మెదక్‌ కథ వేరు. 1924లో అక్కడ మహా దేవాలయం కట్టిన బ్రిటిష్‌ మెథడిస్టుల సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐలో కలిసిపోయాయి. ఆ మిషనరీలను పంపిన బ్రిటన్‌ చర్చి 2021లో స్వలింగ వివాహాలకు 254-46 ఓట్లతో తలుపు తీసింది. సీఎస్‌ఐ మాత్రం అలాంటి పెళ్లిళ్లను అంగీకరించలేదు.

ఇక్కడ తగవు చర్చి సభల్లో కంటే కోర్టుల్లోనే ఎక్కువ వినిపించింది. స్వలింగ సంపర్కం నేరం కాదన్న 2009 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఉత్కళ్‌ క్రిస్టియన్‌ కౌన్సిల్‌, అపోస్తలిక్‌ చర్చెస్‌ అలయన్స్‌ కూడా ఉన్నాయి. 2018లో సుప్రీంకోర్టు ఆ నేరాన్ని కొట్టేసింది. 2023లో మాత్రం స్వలింగ వివాహాలను గుర్తించడానికి నిరాకరించింది. అందువల్ల మన పాస్టర్లకు పెళ్లి ప్రశ్న ఇంకా ఎదురుకాలేదు. అయితే స్ట్రౌడ్‌ తన సంఘం ముందు నిలబడి చెప్పినది పెళ్లి గురించి కాదు, తానెవరో మాత్రమే. రేపు ఏదో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఓ యువకుడు ఆగి అదే మాట చెబితే ఏమనాలో మన సంఘాల్లో చాలావాటికి ఇంకా తెలియదు.