ఒక్క మ్యాచ్, రెండు గోల్స్, ఒక యుద్ధం

అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో తొలి గోల్ కొట్టిందెవరు? క్విజ్ పోటీల్లో ఆరితేరినవాళ్లు కూడా తడుముకునే ప్రశ్న ఇది. అతని పేరు విలియం కెన్యన్-స్లేనీ. ఇంగ్లండ్‌కు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, కొట్టినవి 2 గోల్స్. పుట్టింది ఇవాళ మనం క్రికెటర్ పుజారా ఊరుగా చెప్పుకునే రాజ్‌కోట్‌లో. ఉద్యోగం సైన్యంలో, సరదా క్రికెట్‌లో, చివరి మజిలీ పార్లమెంటులో. ఒకే మనిషికి ఇన్నెలా కుదిరాయో అతని జీవితంలోని అంకెలే చెబుతాయి. తొలినాళ్లలో ఫుట్‌బాల్ ఎవరి చేతుల్లో ఉండేదో కూడా వాటిలోనే తెలుస్తుంది.

91వ నిమిషం

అధికారికంగా తొలి అంతర్జాతీయ మ్యాచ్ 1872 నవంబరు 30న గ్లాస్గోలో జరిగింది. ఇంగ్లండ్, స్కాట్లండ్ 90 నిమిషాలు తలపడినా ఫలితం 0-0. 98 రోజుల తర్వాత, 1873 మార్చి 8న లండన్‌లోని ఓవల్ మైదానంలో రెండో మ్యాచ్. ఆట మొదలైన కాసేపటికే, తొలి నిమిషంలోనే, కెన్యన్-స్లేనీ ఖాతా తెరిచాడు. రెండు మ్యాచ్‌లనూ కలిపి లెక్కిస్తే అది 91వ నిమిషం. స్కాట్లండ్ పుంజుకుని 2-2 చేశాక ఇంగ్లండ్‌ను మళ్లీ ముందుకు తెచ్చిన గోల్ కూడా అతనిదే. చివరికి ఇంగ్లండ్ 4-2తో గెలిచింది.

ఆ గోల్ ఇప్పటి గోల్‌లా ఉండేది కాదు. రెండు కర్రల మధ్య 8 అడుగుల ఎత్తున అడ్డంగా టేపు కట్టేవారు. వెనుక వల ఉండదు, పెనాల్టీ కిక్ ఉండదు. ఆ రెండూ 1891లో వచ్చాయి.

ఇద్దరూ ఇక్కడివాళ్లే

అదే మ్యాచ్‌లో స్కాట్లండ్‌కు చరిత్రలో తొలి గోల్ అందించిన హెన్రీ రెనీ-టెయిల్యర్ 1849లో ముస్సోరీలో పుట్టాడు. అంటే ఇంగ్లండ్ తొలి గోల్, స్కాట్లండ్ తొలి గోల్ రెండూ మన గడ్డ మీద పుట్టినవాళ్లవే. కాకతాళీయమే అయినా దీని వెనుక కారణం లేకపోలేదు. కెన్యన్-స్లేనీ తండ్రి బాంబే అశ్వికదళంలో కెప్టెన్. రెనీ-టెయిల్యర్ స్వయంగా బ్రిటిష్ సైన్యపు ఇంజినీర్ల దళం రాయల్ ఇంజినీర్స్‌లో లెఫ్టినెంట్. ఫుట్‌బాల్ అప్పటికింకా సామ్రాజ్యాన్ని నడిపిన కుటుంబాల కుర్రాళ్ల ఆట.

స్కాట్లండ్ జట్టు కూర్పు చూడండి. అక్కడి నుంచి లండన్‌కు పంపడానికి ఉన్న డబ్బు 8 మందికే సరిపోయింది. మిగతా ముగ్గురిని లండన్ పరిసరాల్లోనే వెతుక్కున్నారు. వాళ్లలో ఇద్దరు రాయల్ ఇంజినీర్స్ అధికారులు. ఆ దళం జట్టు 1872 నుంచి 1878 దాకా జరిగిన 7 ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం కప్) ఫైనల్స్‌లో 4 ఆడింది.

1,200 పౌండ్లు

సైనికాధికారులకు ఆటలాడే తీరిక ఎక్కడిది? జవాబు వాళ్ల డబ్బు సంచిలో ఉంది. బ్రిటిష్ పదాతి, అశ్విక దళాల్లో అధికారి హోదాను 1871 దాకా కొనుక్కునే పద్ధతి ఉండేది. మామూలు పదాతి దళంలో అట్టడుగు అధికారి పదవికి నిర్ణయించిన ధర 450 పౌండ్లు, రాజు అంగరక్షక దళాలైన ఫుట్ గార్డ్స్‌లో అదే పదవికి 1,200. కెన్యన్-స్లేనీ ఈటన్ పాఠశాలలో, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి 1867లో చేరింది ఆ గార్డ్స్‌లోని గ్రెనడియర్ దళంలోనే. అంతకు ఐదేళ్ల ముందు తాతగారి ఆస్తితోపాటు ‘స్లేనీ’ అన్న పేరు కూడా ఆ కుటుంబానికి సంక్రమించింది. యుద్ధం లేనప్పుడు గార్డ్స్ అధికారికి లండన్‌లో తీరిక దండిగా ఉండేది.

ఆ తీరికలోనే క్రికెట్ కూడా. 1869 నుంచి 1880 వరకు ఎంసీసీ తరఫున ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు ఆడాడు. అప్పట్లో ఇది వింతేమీ కాదు. ఫుట్‌బాల్ చలికాలపు ఆట, క్రికెట్ వేసవి ఆట, మైదానం తరచూ అదే ఓవల్. రెనీ-టెయిల్యర్ అయితే ఇంకో మెట్టు ఎక్కాడు. కెంట్‌కు క్రికెట్ ఆడాడు, అదే ఓవల్‌లో 1872లో స్కాట్లండ్‌కు రగ్బీ కూడా ఆడాడు.

21 రోజులు

ఓవల్ మ్యాచ్ జరిగిన 21 రోజులకు, 1873 మార్చి 29న, కెన్యన్-స్లేనీ వాండరర్స్ జట్టుతో ఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడాడు. ప్రత్యర్థి తాను చదివిన ఆక్స్‌ఫర్డే. మూడు వారాల కిందట స్కాట్లండ్ తరఫున ఎదురు నిలిచిన ఆర్థర్ కినైర్డ్ ఇప్పుడు సహచరుడు. గత విజేత కాబట్టి వాండరర్స్‌కు ఆ ఏడాది ఫైనల్ ఒక్కటే ఆడితే సరిపోయింది. ఆ రోజే థేమ్స్ నదిలో పడవ పందెం ఉండడంతో, జనం రెండూ చూడాలని మ్యాచ్‌ను పొద్దున్నే పెట్టారు. వాండరర్స్ 2-0తో గెలిచింది.

57

1882లో ఈజిప్టు యుద్ధం వచ్చింది. సెప్టెంబరు 13న తెల్లవారుతుండగా తెల్ ఎల్ కెబీర్ వద్ద ఈజిప్టు పాలకుడిపై తిరగబడిన సైనికాధికారి అహ్మద్ ఉరాబీ సేనపై బ్రిటిష్ సైన్యం విరుచుకుపడింది. చీకట్లో ఎడారిని దాటి వచ్చి చేసిన ఈ దాడి గంటలోపే దాదాపు ముగిసింది. బ్రిటిష్ పక్షాన చనిపోయింది 57 మంది, ఈజిప్టు వైపు సుమారు 2,000. ఆ అంతరమే యుద్ధం ఎంత ఏకపక్షమో చెబుతుంది. 35 ఏళ్ల కెన్యన్-స్లేనీ దళం రెండో వరుసలో ఉంది. భారత్ నుంచి వెళ్లిన సైనికులూ అక్కడ ఉన్నారు. తెలుగు జిల్లాలు కూడా కలిసిన మద్రాస్ ప్రెసిడెన్సీ దళం ‘మద్రాస్ సాపర్స్’కు ఆ యుద్ధం పేరిట గౌరవం దక్కింది. కెన్యన్-స్లేనీకి పతకం, ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ ఇచ్చిన కంచు నక్షత్రం దక్కాయి.

22 ఏళ్లు

కెన్యన్-స్లేనీ 1886లో ష్రాప్‌షైర్‌లోని న్యూపోర్ట్ నుంచి కన్సర్వేటివ్ ఎంపీగా గెలిచి, 1908 ఏప్రిల్ 24న, 60 ఏళ్ల వయసులో మరణించేదాకా ఆ స్థానాన్ని వదల్లేదు. 1902 విద్యా చట్టంలో ఒక నిబంధనకు అతని పేరే స్థిరపడింది. చర్చి బడుల్లో మతబోధనపై అజమాయిషీ ఒక్క మతగురువుది కాదు, నిర్వాహకులందరిదీ అన్నది దాని సారం.

11 ఫైనల్స్

ఎఫ్ఏ కప్ మొదటి 11 ఫైనల్స్‌లో ప్రతిసారీ గెలిచింది కెన్యన్-స్లేనీ లాంటి తీరికున్నవాళ్ల జట్లే: వాండరర్స్ 5, ఈటన్ పూర్వ విద్యార్థుల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్ 2, మిగతా నాలుగు జట్లు ఒక్కోసారి. 1883లో లెక్క మారింది. నేతపనివాళ్లు, ఇనుప కార్ఖానా కార్మికులు, ఒక ప్లంబరు ఉన్న బ్లాక్‌బర్న్ ఒలింపిక్ 2-1తో ఓల్డ్ ఈటోనియన్స్‌ను ఓడించింది. ఓడిన జట్టులో కినైర్డ్ ఉన్నాడు. రెండేళ్లకు ఆటగాళ్లకు జీతం ఇవ్వడాన్ని ఫుట్‌బాల్ సంఘం అనుమతించింది. తీరిక కొనుక్కోలేనివాడికి కూలి ఇస్తే ఆట ఎలా మారుతుందో ఆ తర్వాతి విజేతల పట్టికలో కనిపిస్తుంది: 1882 తర్వాత అమెచ్యూర్ క్లబ్ ఏదీ ఆ కప్ గెలవలేదు.