రిజిస్టర్లో ఇద్దరు – ఊళ్లో ఎందరు?

యాలాల్ మండలంలో ఒక పల్లె అనుకుందాం. అక్కడ ఒక దావత్ జరిగింది. పొద్దున వండిన కూర రాత్రి దాకా మూత లేకుండా ఉంది. ఈగలు వాలాయి. ఆ కూర తిన్న 100 మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

సర్కారు దవాఖాన రిజిస్టర్లో ఇద్దరి పేర్లే ఎక్కాయి. మిగతా 98 మంది ఏమయ్యారు?

మెట్టు మెట్టుకూ తగ్గే లెక్క

100 మందిలో 80 మంది దవాఖానకు పోలేదు. కొందరు గంజి, మజ్జిగ తాగి పడుకున్నారు. కొందరు ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకున్నారు. కొందరు మందుల షాపులో గోళీలు కొన్నారు. నాపరాయి గనిలో పనిచేసేవాళ్లు తాండూరు దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుంది. అందుకే వాళ్లు పోలేదు.

20 మంది డాక్టరు దగ్గరికి పోయారు. డాక్టరు అందరికీ మందులిచ్చారు. మల పరీక్ష నలుగురికే రాశారు. ఆ నలుగురిలో ఇద్దరికే క్రిమి దొరికింది. ఆ ఇద్దరే రిజిస్టర్లోకి ఎక్కారు.

ఇవి అర్థం కావడానికి అనుకున్న అంకెలు. కానీ లెక్క తగ్గే తీరు మాత్రం ఇదే.

అసలు లెక్క ఎట్లా తెలుస్తుంది?

ఇంటింటికీ పోయి అడగాలి. "పోయిన నెల మీ ఇంట్ల ఎవరికన్న విరేచనాలు అయినయా? డాక్టరు దగ్గరికి పోయిండ్రా? పరీక్ష చేసిండ్రా?" అప్పుడు ఏ మెట్టు దగ్గర ఎందరు తప్పిపోయారో తెలుస్తుంది. మన పల్లెలో రిజిస్టర్లో ఒక్కరుంటే ఊళ్లో 50 మంది ఉన్నట్టు.

బ్రిటన్‌లో 2008–09లో ఇట్లాగే లెక్క కట్టారు. ప్రభుత్వ లెక్కలో ఒక్కరు ఎక్కితే, జనంలో 147 మందికి వాంతులు, విరేచనాలు వచ్చాయని తేలింది.

మన దేశంలో టైఫాయిడ్ జ్వరం మీద ఇలాంటి పని జరిగింది. టైఫాయిడ్ క్రిమి చెడిన తిండి, నీళ్ల ద్వారా వస్తుంది. 2017 నుంచి 2020 దాకా ఢిల్లీ, కలకత్తా, పుణె, వెల్లూరులలో పిల్లల్ని వారం వారం పలకరించారు. ఒక్కోచోట దాదాపు 6,000 మంది పిల్లలు. జ్వరం 3 రోజులు ఉంటే రక్తం పరీక్ష చేశారు. వెల్లూరులో ఏడాదికి ప్రతి 1,000 మంది పిల్లల్లో దాదాపు 12 మందికి టైఫాయిడ్ దొరికింది. ఈ పరీక్షలో కూడా టైఫాయిడ్ ఉన్న 10 మందిలో 6 మందికే క్రిమి దొరుకుతుంది. అంటే అసలు లెక్క ఇంకా ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక అంచనా చెప్పింది. చెడిన తిండి వల్ల ఏడాదికి 60 కోట్ల మందికి జబ్బు చేస్తుంది. 4 లక్షల 20 వేల మంది చనిపోతారు. వారిలో 1 లక్ష 25 వేల మంది అయిదేళ్ల లోపు పిల్లలు.

ఈ లెక్క ఎందుకు?

రిజిస్టర్లో ఇద్దరే ఉంటే అది చిన్న జబ్బే అనిపిస్తుంది. పగిలిన నీళ్ల పైపు బాగుపడదు. ట్యాంకులో బ్లీచింగ్ పడదు. దవాఖాన దూరమున్న ఊళ్లో లెక్క ఇంకా తక్కువ కనబడుతుంది. అక్కడ జబ్బు తక్కువ అని కాదు. చెప్పుకునే దారి తక్కువ అని అర్థం.

మీరు చేయవలసింది

• ఒకే తిండి తిన్న ఇద్దరికి జబ్బు చేస్తే, అదే రోజు ఆశా కార్యకర్తకు చెప్పండి. తగ్గిపోయినా చెప్పండి.
• విరేచనాలు మొదలు కాగానే ఓ.ఆర్.ఎస్. తాగించండి. పెద్ద ప్యాకెట్‌ను లీటరు మంచినీళ్లలో కలపాలి.
• మలంలో రక్తం పడినా, పిల్లలు నీళ్లు తాగలేకపోయినా వెంటనే దవాఖానకు తీసుకుపోండి.
• వండింది వేడిగా తినండి. మూత పెట్టండి. సబ్బుతో చేతులు కడగండి.

ఆలోచించండి

1. పోయిన నెల మీ వాడలో ఎందరికి విరేచనాలు అయ్యాయి?
2. వారిలో ఎందరి పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి?