మీకు తెలుసా? లారీ ముక్కు చట్టం చేతిలో ఉంది

అమెరికా రహదారుల మీద తిరిగే భారీ లారీకి పొడవాటి ముక్కు ఉంటుంది. ఇంజిన్ ఆ ముక్కులో, డ్రైవరు దాని వెనక. జర్మనీలో అలాంటి పనే చేసే లారీకి ముక్కే కనిపించదు. ముఖం గోడలా నిటారుగా ఉంటుంది, డ్రైవరు ఇంజిన్ నెత్తిన కూర్చుని నడుపుతాడు. ఇంత తేడా ఎందుకు? చట్టం టేపు ఎక్కడ పట్టి కొలుస్తుందో దాన్నిబట్టి!

ఐరోపా సమాఖ్యలో లారీనీ ట్రైలర్‌నూ కలిపి, ముందు బంపరు నుంచి వెనక తలుపు దాకా కొలుస్తారు. మొత్తం 16.5 మీటర్లు దాటకూడదు. సరుకు చోటు తగ్గించుకుని ముక్కు పెంచుకునే యజమాని ఎవరుంటారు? అందుకే ముక్కు పోయింది.

అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే లెక్క. మొత్తం పొడవుకు రాష్ట్రాలు హద్దులు పెట్టినన్నాళ్లూ అక్కడా ముక్కులేని లారీలు జోరుగా తిరిగాయి. 1982లో వచ్చిన కేంద్ర చట్టం, ప్రధాన రహదారుల మీద మొత్తం పొడవుకు పరిమితి పెట్టే అధికారాన్ని రాష్ట్రాల నుంచి తీసేసింది. ఇక కొలిచేది ట్రైలర్‌నే. దాంతో ముక్కు మళ్లీ మొలిచింది. ఇప్పుడక్కడ మామూలుగా కనిపించే 53 అడుగుల ట్రైలర్ ఒక్కటే 16 మీటర్లు దాటుతుంది. ఐరోపాలో లారీ, ట్రైలర్ కలిసి ఎంత పొడవో, అమెరికాలో వట్టి ట్రైలరే దాదాపు అంత!

ముక్కు ఉన్నంత మాత్రాన గాలి దారివ్వదు. పాతకాలపు అమెరికన్ లారీల చదరపు ముక్కులు గాలిని ఢీకొట్టేవే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి డీజిల్ కూడా ఎక్కువ కరుగుతుంది. కాలిఫోర్నియా 2010 నుంచి దశలవారీగా, 53 అడుగుల పెట్టె ట్రైలర్లకు గాలి అడ్డు తగ్గించే పక్క పలకల్లాంటి ఏర్పాట్లను తప్పనిసరి చేసింది.

ఐరోపా 2015లో తన నిబంధన సవరించుకుంది. గాలిని చీల్చుకుపోయేలా, డ్రైవరుకు చూపు బాగా ఆనేలా, ఢీకొన్నప్పుడు దెబ్బ తగ్గేలా క్యాబిన్ తీర్చిదిద్దితే పొడవు హద్దు కాస్త దాటొచ్చు. పెరిగిన చోటు మాత్రం సరుకుకు దక్కదు. మలుపు తిరగడానికి పట్టే చోటూ మారకూడదు: బయటి అంచు 12.5 మీటర్లు, లోపలి అంచు 5.3 మీటర్ల వ్యాసార్థాల మధ్యే లారీ తిరగాలి. 2020 సెప్టెంబరు నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది డచ్చి సంస్థ డాఫ్ క్యాబిన్‌ను ముందుకు 16 సెంటీమీటర్లు పెంచి కొత్త లారీలు దించింది. జానెడు కూడా లేదు! అయినా ఆ కాస్త చోటే గుండ్రటి ముఖానికీ, కిందికి దిగిన గాజుకూ వీలిచ్చింది. ఆదా అయ్యే డీజిల్ సంగతి అటుంచితే, లారీ ముందు నుంచి దాటే సైకిలు మనిషి డ్రైవరు కంటికి ఆనడం నా దృష్టిలో అంతకంటే పెద్ద లాభం.

బ్రిటన్‌ది మరో దారి. అక్కడ సరుకు లారీల ఎత్తుకు చట్టంలో హద్దు లేదు. కాబట్టి డాన్‌బర్ అనే సంస్థ, పైకప్పు మధ్యలో ఉబ్బి వెనక్కి వాలే కన్నీటిబొట్టు ఆకారపు ట్రైలర్లు చేసి అమ్ముతోంది. గాలి ఆ వంపు మీదుగా జారిపోతుంది. జర్మనీలో ఎత్తు హద్దు 4 మీటర్లు కాబట్టి, అక్కడ అలా కప్పు ఉబ్బించాలంటే లోపలి సరుకు చోటు వదులుకోవాల్సిందే.